ఆగిన గడియారము

జపానులోని హిరోషిమా శాంతి స్మారక ప్రదర్శనశాలకు పోయినవారికి 8 గంటల 15 నిమిషములకు ఆగిపోయిన గడియారము కనబడును. 1945 ఆగస్టు 6వ తేదీ ఉదయమున అణుబాంబు పేలిన క్షణమది. ఆ సంవత్సరాంతమునకు సుమారు 1,40,000 మంది మరణించిరని అంచనా. ఇంత పెద్ద సంఖ్య మన మనస్సునకు పట్టదు. కాని ఆ శాలలోనే తుప్పుపట్టిన మూడుచక్రాల సైకిలొకటి కలదు. నాలుగేండ్లు నిండని బాలుడు దానిపై ఆడుకొనుచు బాంబువాత పడెను. తండ్రి దానిని బిడ్డతోపాటు పెరటిలో పూడ్చెను. 1985లో వెలికితీసి ప్రదర్శనశాల కొసగెను. దాని యెదుట మనము లెక్కలు మరచి మౌనము వహింతుము.

ఇట్టి గడియారమే వేరొక రూపమున ఒక చలనచిత్రమందు కనబడును. స్వీడన్ దర్శకుడు ఇంగ్మార్ బెర్గ్‌మన్ 1957లో తీసిన 'వైల్డ్ స్ట్రాబెర్రీస్'లో ఇసాక్ బోర్గ్ అను వృద్ధవైద్యుడు గౌరవపట్టము నందుకొనుటకై స్టాక్‌హోమ్ నుండి లుండ్ నగరమునకు కోడలితో కారులో బయలుదేరును. ప్రయాణమునకు ముందు అతనికి కలలో ముండ్లులేని గడియారము కనబడినది. దారిలో బాల్యమునాటి వేసవి యిల్లు, వృద్ధమాత, కోడలి నిష్ఠురోక్తులు అతని హృదయకాఠిన్యమును అతనికే చూపును. తుదకు ఆ హృదయము కొంత మెత్తబడును.

ఒక మహానాశమును, ఒక వ్యక్తి వేదనను సమానమనరాదు. అయినను రెండు గడియారములును మనల నడుగు ప్రశ్న యొక్కటే: ఇంకను నడచుచున్న మన కాలమును పరుల దుఃఖమునకు కొంతయైన నొసగుచున్నామా? ఈ ప్రశ్నతో వెలుపలికి వచ్చినప్పుడే స్మారకదర్శనము సార్థకమగును.