బజ్జీల నూనెకు ఏ థర్మామీటరు?

మిరపకాయ బజ్జీలు వేగే నూనె వేడి సుమారు 180 డిగ్రీల సెల్సియస్. "ప్రయోగశాల థర్మామీటరు ముంచి చూద్దామా మాస్టారూ?" అని మా పిల్లవాడొకడు అడిగాడు. వద్దు సుమా! బడుల్లో సాధారణంగా ఉండేదానిపై గీతలు 110 వరకే. వ్యాకోచించిన పాదరసానికి పైన చోటు చాలక గాజు పగులుతుంది. ఆ విషం నూనెలో పడుతుంది.

ఈ పనికి తగినది 250 దాకా కొలిచే, ఉక్కు కాడ గల ముల్లు థర్మామీటరు. కాడలో రెండు లోహాలను అతికించిన పట్టీ చుట్టగా ఉంటుంది. వేడికి ఒక లోహం ఎక్కువగా, రెండోది తక్కువగా వ్యాకోచించడంతో చుట్ట మెలితిరిగి ముల్లును తిప్పుతుంది. కాడ కొన మూకుడు అడుగుకు తగలనీయకండి.

కొన్నాక మరిగే నీటిలో పెట్టి పరీక్షించండి. ముల్లు 100 చేరలేదని దుకాణదారుతో తగాదాకు దిగకండి! మా సికింద్రాబాదు సముద్రమట్టానికి అర కిలోమీటరు పైన ఉంది. గాలి పీడనం తక్కువ గనుక ఇక్కడ నీరు 98 దగ్గరే మరుగుతుంది.