పనికో నంబరు, పనికో తేదీ

2006 ఫిబ్రవరి 2న ప్రధాని మన్మోహన్ సింగ్, సోనియా గాంధీ అనంతపురం జిల్లా నార్పల మండలంలోని బండ్లపల్లికి వచ్చారు. తొలి విడతగా దేశంలోని 200 జిల్లాల్లో మొదలైన గ్రామీణ ఉపాధి హామీ పథకానికి ఆ ఊళ్లోనే శ్రీకారం చుట్టారు. ఏడాదికి 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూగా మాత్రమే వాన పడే జిల్లా ఇది. వేరుశనగ ఎండిపోతే ఊళ్లకు ఊళ్లు మూటాముల్లె సర్దుకుని బెంగళూరు బాట పట్టే జిల్లా. పథకం ఇక్కడ మొదలవడంలో ఆశ్చర్యమేమీ లేదు. ఆనాటి సభను గుర్తుచేసుకునేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. పథకం వెనక రోజూ పనిచేసిన కంప్యూటరు సంగతి మాత్రం పెద్దగా ఎవరూ చెప్పుకోరు. చేయాల్సిన పనులు ఎక్కువై, ఏది ముందో ఏది వెనకో తెలియక సతమతమయ్యే ప్రతివాళ్లకూ అందులో నేర్చుకోవలసింది చాలా ఉంది.

ఉపాధి హామీ చట్టం రెండు గడువులు పెట్టింది. పని అడిగిన 15 రోజుల్లో పని చూపించాలి. చేసిన పనికి 15 రోజుల్లోపు కూలి ఇవ్వాలి. ఏడాదికి కుటుంబానికి 100 రోజుల పనికి హామీ ఇచ్చింది. లక్షల జాబ్ కార్డులు, వేల కొద్దీ కుంటలు, కందకాలు, రోడ్లు, పండ్లతోటల గుంతలు. ఇంత లెక్కను బౌండు పుస్తకాల్లో రాసుకుంటూ గడువు తప్పకుండా నడపడం అయ్యే పని కాదు. అందుకే ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ మొదటినుంచీ దీన్ని కంప్యూటర్ మీదే నడిపింది. సాఫ్ట్‌వేర్‌ను టాటా కన్సల్టెన్సీ సర్వీసెస్ తయారుచేసింది.

అందులో ప్రతి పనికీ సొంతంగా ఒక గుర్తింపు సంఖ్య. ఏ ఊరు, ఏ పొలం, ఎంత మట్టి తీయాలి, ఎంత ఖర్చవుతుంది అన్న అంచనా దానికి జత. మండలంలో ఎంపీడీఓ ఆఫీసు కంప్యూటరు నుంచి కూలీల పేర్లతో మస్టరు (హాజరు పట్టీ) వచ్చేది. వారం గడిచాక టెక్నికల్ అసిస్టెంట్ వచ్చి కొలతలు తీసేవాడు. ఆ కొలతలు కంప్యూటర్లోకి ఎక్కితేనే ఎవరికెంత కూలి రావాలో తేలేది. కొలత ఎక్కని పని, కూలి పడని మస్టరు ఏ దశలో ఆగిపోయిందో ఆఫీసులో కూర్చున్నవాళ్లకు కనిపించేది. అంతకంటే విలువైన విషయం ఇంకొకటుంది. ఆ వివరాలను వెబ్‌సైట్లో అందరికీ తెరిచి పెట్టారు. హైదరాబాదులో కూర్చున్న పరిశోధకుడైనా, ఊళ్లో చదువుకున్న కుర్రాడైనా జాబ్ కార్డు నంబరుతో లెక్క చూసుకోగలిగారు.

ఫోన్లలో దొరికే టుడూయిస్ట్, ట్రెల్లో, మైక్రోసాఫ్ట్ టు డూ, గూగుల్ టాస్క్స్, ఆఫీసులు వాడే ఆసనా, జోహో ప్రాజెక్ట్స్ వంటివన్నీ మూలంలో చేసేది ఇదే. పనికి పేరు, నలుగురు కలిసి చేసేదైతే బాధ్యుడు, గడువు, ప్రస్తుతం ఏ దశలో ఉందన్న గుర్తు. ఈ నాలుగూ తలలో కాకుండా బయట ఒకచోట ఉంటాయి. మిగతా రంగులూ హంగులూ కంపెనీల మధ్య పోటీకి సంబంధించినవి.

ఉపాధి కంప్యూటర్లో “కరువు పోవాలి” అని ఎవరూ ఎక్కించలేదు. ఫలానా సర్వే నంబరులో ఫారం పాండ్, ఇన్ని ఘనపు మీటర్ల మట్టి అని ఎక్కించారు. సొంత లక్ష్యాల దగ్గర చాలామంది తప్పేది సరిగ్గా ఇక్కడే. “గ్రూప్-2 కొట్టాలి”, “ఇంగ్లిష్ నేర్చుకోవాలి”, “ఒళ్లు తగ్గాలి” అని యాప్‌లో రాస్తారు. అవి నెలల తరబడి అక్కడే పడి ఉంటాయి, ఎందుకంటే వాటిని ఈ సాయంత్రం చేయడం ఎవరి తరమూ కాదు. “మంగళవారం రాత్రి ఎనిమిదికి భారత రాజ్యాంగంలో ప్రాథమిక హక్కుల అధ్యాయం చదవాలి” అన్నది పని. చేశామో లేదో రాత్రి పదికల్లా తెలిసిపోతుంది.

దీనికి మనస్తత్వ శాస్త్రంలో గట్టి ఆధారమే ఉంది. ఎప్పుడు, ఎక్కడ, ఎలా చేస్తామో ముందే నిర్ణయించుకున్నవాళ్లు అనుకున్నది సాధించే అవకాశం ఎక్కువని పీటర్ గోల్‌విట్జర్, పాస్కల్ షీరన్ 2006లో 94 పరీక్షల ఫలితాలను క్రోడీకరించి చూపారు. 2011లో మాసికాంపో, బామైస్టర్ ఇంకో సంగతి కనుక్కున్నారు. సగంలో ఉన్న లక్ష్యాలు వేరే పని చేస్తున్నప్పుడు మనసులోకి చొరబడి ఇబ్బంది పెడతాయి. ఆ లక్ష్యాన్ని ఎలా పూర్తిచేయాలో వివరంగా ప్రణాళిక వేసుకుంటే చాలు, అది పూర్తికాకపోయినా ఆ చొరబాటు ఆగిపోయింది. పనులన్నీ రాసి పెట్టుకున్న రాత్రి నిద్ర హాయిగా పడుతుందని చెప్పేవాళ్లను నమ్మవచ్చు.

అయితే రాసుకోవడం తేలికయ్యేకొద్దీ జాబితా పెరుగుతుంది. అన్నిటికీ సరిపడా సమయం ఎక్కడినుంచి వస్తుందన్నది చాలా యాప్‌లు అడగవు. ఈ ప్రశ్నకు జవాబు అనంతపురం రైతుల దగ్గర ఉంది.

2000ల దశకంలో ఆంధ్రప్రదేశ్ రైతుల భూగర్భజల నిర్వహణ ప్రాజెక్టు అనంతపురంతో సహా 7 కరువు జిల్లాల్లో నడిచింది. ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ తోడ్పాటుతో స్వచ్ఛంద సంస్థలు నడిపించాయి. రైతులే, వాళ్లలో మహిళలు కూడా, వానమాపకంలో వాన కొలిచారు. ఎంచుకున్న బోరుబావుల్లో నీటిమట్టం ఎంత లోతున ఉందో క్రమం తప్పకుండా చూసి రాశారు, ఊళ్లో బోర్డుల మీద అందరికీ కనిపించేలా పెట్టారు. రబీ ముందు అందరూ ఒకచోట కూర్చుని భూమిలో ఎంత నీరుంది, వేయాలనుకున్న పంటలకు ఎంత కావాలి అని లెక్క కట్టారు. వరి వద్దని ఎవరూ హుకుం జారీ చేయలేదు. లెక్క కళ్లముందు కనిపించాక ఎవరి నిర్ణయం వాళ్లు తీసుకున్నారు. నీళ్లు తక్కువ తాగే పంటలకు మళ్లినవాళ్లు చాలామంది.

ఆశను పక్కన పెట్టి ముందు నీటిని కొలవడం ఆ పద్ధతిలోని గొప్పతనం. పనుల జాబితా దగ్గర అందరూ దీన్ని తలకిందులుగా చేస్తారు. కోరికలన్నీ రాసి, తర్వాత సమయం వెతుకుతారు. పైగా ఒక్కో పనికి పట్టే సమయాన్ని తక్కువగా అంచనా వేస్తారు. 1994లో బ్యూలర్, గ్రిఫిన్, రాస్ అనే పరిశోధకులు 37 మంది విద్యార్థులను థీసిస్ ఎన్ని రోజుల్లో పూర్తవుతుందని అడిగారు. సగటున 34 రోజులన్నారు. నిజంగా పట్టింది 55 రోజులకు పైనే. కాబట్టి యాప్ తెరిచే ముందు ఒక వారంపాటు సమయం ఎటు పోతోందో కాగితం మీద రాసి చూసుకోవాలి. ఉద్యోగం, ప్రయాణం, వంట, పిల్లల చదువు, నిద్ర తీసేస్తే మిగిలేది రోజుకు గంటన్నరే అనుకుందాం. ఆ గంటన్నరకు తగ్గట్టే జాబితా ఉండాలి.

వృత్తి దగ్గర ఇదే లెక్కను జపాన్‌లో టయోటా కంపెనీ కాన్‌బాన్ అనే కార్డుల పద్ధతిగా మలచింది. తాయీచి ఓనో దాని రూపశిల్పి. ట్రెల్లోలో కనిపించే నిలువు వరుసల బోర్డు దాని నుంచి వచ్చిందే. ధర్మవరంలో పట్టుచీరల ఆర్డర్లు తీసుకునే చిన్న వ్యాపారి ఒకరు ఉన్నారనుకుందాం. రంగుకు వెళ్లినవి, మగ్గం మీద ఉన్నవి, కోసినవి, పంపినవి అని నాలుగు వరుసలు పెట్టుకుంటే ప్రతి చీర ఒక కార్డు. మగ్గాలు మూడే ఉంటే ఆ వరుసలో మూడు కార్డులకు మించి పెట్టకూడదు. నాలుగో ఆర్డరు ఇచ్చినవాళ్లకు పెళ్లి ముహూర్తం దాకా ఆశ పెట్టి ఆఖర్లో చేతులెత్తేయడం కంటే, తేదీ ఇప్పుడే సరిగ్గా చెప్పడం మర్యాద. వాట్సాప్‌లో వచ్చిన ఆర్డర్లు వంద మెసేజీల కింద కూరుకుపోవడం కూడా దీనితో ఆగుతుంది.

ఉపాధి కంప్యూటర్ కథలో రెండో సగం కూడా చెప్పాలి. పని చేసి, కొలతలూ అయ్యాక కూలి చేతికందడం దగ్గర లెక్క తప్పుతుండేది. వేలిముద్రతో డబ్బులిచ్చే స్మార్ట్‌కార్డులను ప్రభుత్వం విస్తరిస్తున్నప్పుడు మురళీధరన్, నీహాస్, సుఖ్తంకర్ అనే ఆర్థికవేత్తలు అనంతపురంతో సహా 8 జిల్లాల్లో 157 మండలాలను పరిశీలించారు. 2016లో వెలువడిన ఆ అధ్యయనం ప్రకారం కార్డులు వచ్చిన చోట్ల కూలి 6 నుంచి 10 రోజులు ముందే అందింది, ఉపాధి పని మీద కుటుంబాల సంపాదన 24 శాతం పెరిగింది. ఇక్కడ సాంకేతికత కూలీ వైపు నిలబడింది.

తర్వాత వచ్చిన హాజరు యాప్ గురించి అదే మాట అనలేం. ఎన్‌ఎంఎంఎస్ పేరుతో కేంద్రం 2021 మేలో తెచ్చి, 2023 జనవరి 1 నుంచి తప్పనిసరి చేసింది. పని జరిగేచోట పర్యవేక్షించే మేటు రోజుకు రెండుసార్లు ఫొటో తీసి పెట్టాల్సి వచ్చింది. సిగ్నల్ అందని గుట్టల దగ్గర, పొద్దున్నే పని ముగించుకుని ఎండ ముదరక ముందే ఇల్లు చేరాలనుకునే కూలీలకు రెండో ఫొటో కోసం కాచుకోవడం పెద్ద బాధగా మారింది. అక్రమాలూ ఆగలేదు. సంబంధం లేని ఫొటోలు, ఫొటోకే తీసిన ఫొటోలు ఎక్కిస్తున్నారని 2025 జులైలో కేంద్ర గ్రామీణాభివృద్ధి శాఖే రాష్ట్రాలకు రాసింది. ఆఫీసుల్లో పనుల సాఫ్ట్‌వేర్ పెట్టే యజమానులు ఈ అనుభవాన్ని శ్రద్ధగా చదవాలి. ఉద్యోగికి తన పని తనకు కనిపించేందుకు పెట్టిన బోర్డు ఉపయోగపడుతుంది. నిఘాకు పెట్టినదాంట్లో పని జరగకపోయినా టిక్కులు పడుతూనే ఉంటాయి.

నిఘాకంటే మెరుగైన పద్ధతిని కూడా ఉమ్మడి ఆంధ్రప్రదేశే చూపింది. 2006 నుంచి మొదలైన సామాజిక తనిఖీలో గ్రామీణ యువతే కంప్యూటర్ లెక్కను ఇంటింటికీ తీసుకెళ్లి “ఇన్ని రోజులు చేశావంట, ఇంత డబ్బు తీసుకున్నావంట, నిజమేనా?” అని అడిగారు. తేడాలను సభలో అందరిముందూ చదివారు. సొంత జాబితాకు కూడా వారానికోసారి ఇలాంటి తనిఖీ కావాలి. ఆదివారం పొద్దున అరగంట చాలు. అయినవి కొట్టేయాలి, మూడు వారాలుగా కదలని దాన్ని చిన్న ముక్కలు చేయాలి, లేదంటే ఇక వద్దని తీసేయాలి. ఇంట్లోనో స్నేహితుల్లోనో ఒకరికి చూపిస్తే ఇంకా మంచిది.

మొదలుపెట్టేవాళ్లు డబ్బు కట్టే యాప్ జోలికి పోనవసరం లేదు. ఫోన్లో ఉచితంగా దొరికే గూగుల్ టాస్క్స్, మైక్రోసాఫ్ట్ టు డూ సరిపోతాయి. పనుల పేర్లు తెలుగులోనే రాసుకోవచ్చు, టైపింగ్ కష్టమైతే కీబోర్డులోని మైకుకు చెప్పినా అక్షరాలు పడతాయి. ఎంచుకునేముందు నెట్ లేనప్పుడు జాబితా తెరుచుకుంటుందా, రాసుకున్నదంతా బయటికి తీసుకునే వీలుందా అని చూడాలి. బ్యాంకు పిన్నులు, పాస్‌వర్డులు మాత్రం ఈ జాబితాల్లో రాయకూడదు.