వేసవి శిబిరంలో ఒక రోజు: ఫజ్ర్ నుంచి ఇషా వరకు

పదో తరగతి పరీక్షలు ముగిసిన నాటి నుంచి కళాశాలలు తెరిచే జూన్ వరకు ఉండే వ్యవధి చిన్నదే. అయినా కర్నూలు, కడప ప్రాంతాల అనేక పేద ముస్లిం కుటుంబాలలో బిడ్డల భవిష్యత్తు ఆ కొద్ది వారాలలోనే తేలిపోతుంది. 'ఊరికే ఉన్నాడు కదా' అని మెకానిక్ షెడ్డుకో బట్టల దుకాణానికో పంపిన అబ్బాయికి, చేతికి నాలుగు డబ్బులు వచ్చాక మళ్లీ పుస్తకం మీద మనసు నిలవడం కష్టం. 'ఇక చాల్లే' అని ఇంట్లో కూర్చోబెట్టిన అమ్మాయికి సంబంధాలు చూడటం మొదలవుతుంది. చదువు మాన్పించాలని ఎవరూ తీర్మానించరు. వేసవి గడిచేసరికి అది దానంతటదే ఆగిపోయి ఉంటుంది.

మదరసాలు, మస్జిదు కమిటీలు, విద్యార్థి సంస్థలు నడిపే వేసవి వసతి శిబిరాల విలువను ఈ కోణంలో గ్రహించాలి. ఇల్లు విడిచి ఒకచోట ఉండి నేర్చుకోవడం మనకు కొత్త కాదు. మదీనాలో మస్జిదె నబవీని ఆనుకొని ఉన్న సుఫ్ఫా అరుగే ఎందరో సహాబాలకు నివాసం, విద్యాలయం. అత్యధిక హదీసులు ఉల్లేఖించిన హజ్రత్ అబూ హురైరా (రజి) అక్కడి విద్యార్థే. మన కర్నూలులోనూ 1947లో డాక్టర్ అబ్దుల్ హఖ్ ఉస్మానియా కళాశాలను స్థాపించి ఈ ప్రాంత ముస్లింల ఉన్నత విద్యకు బాట వేశారు.

ఉదయం: నీటి లెక్క

మే నెలలో సీమ ఎండ నలభై డిగ్రీలు దాటుతుంది. కనుక శిబిరం దినచర్యను నమాజు వేళలు, ఎండ కలిసి నిర్ణయిస్తాయి. ఫజ్ర్ నమాజు తర్వాత దివ్య ఖుర్ఆన్ పారాయణం, తాత్పర్యం. తన సముదాయానికి ఉదయపు ఘడియల్లో శుభం ప్రసాదించమని దైవప్రవక్త (స) ప్రార్థించారు. మనస్సు తేటగా ఉండే ఆ వేళనే కష్టమైన పాఠానికి కేటాయించడం వివేకం.

పాఠం వుజూ దగ్గరే మొదలు కావచ్చు. కుళాయి తిప్పి వుజూ చేస్తే ఎన్ని నీళ్లు పోతాయో బకెట్లో పట్టి కొలవాలి. తర్వాత చెంబు నీటితో చేసి కొలవాలి. తేడాను ఐదు పూటలకు, శిబిరంలోని పిల్లల సంఖ్యకు హెచ్చవేయాలి. మహాప్రవక్త (స) ఒక ముద్, అంటే లీటరుకు లోపు నీటితో వుజూ చేసేవారని హదీసు. కరువు సీమలో పుట్టిన పిల్లలకు ఈ లెక్క గణితంగానూ, ధర్మంగానూ మనసుకెక్కుతుంది.

ఎండ ముదరకముందే క్షేత్ర సందర్శన. కర్నూలులో కె.సి. కాలువను చూపవచ్చు. సుంకేసుల వద్ద తుంగభద్ర నీటిని మళ్లించి కడప వైపు తీసుకుపోయే ఈ కాలువను 1860లలో ఒక ప్రైవేటు కంపెనీ తవ్వింది. 1882లో ప్రభుత్వం దాన్ని కొనుగోలు చేసింది. కడప వారికి గండికోట ఉంది. పెన్నా నది కొండను కోసిన లోయ అంచున, ఒకే కోటలో జామియా మస్జిదు, మాధవరాయ ఆలయం, ధాన్యాగారం నిలిచి ఉన్నాయి. మన పూర్వికులు ఇరుగుపొరుగుతో కలిసి బ్రతికిన నేల ఇదని చెప్పడానికి వేరే ఉపన్యాసం అవసరం లేదు.

మధ్యాహ్నం: దరఖాస్తుల వేళ

ఉగ్గాని, బజ్జీతో ఉదయపు ఫలహారం. మధ్యాహ్నం సంగటి, మజ్జిగ. జుహ్ర్ ముగిశాక చల్లని కడప బండలపై కాసేపు ఖైలూలా. ఈ మధ్యాహ్నపు విశ్రాంతి సున్నతు కూడా.

తర్వాతి రెండు గంటలే శిబిరానికి ప్రాణం. ఇంటర్లో ఏ గ్రూపు ఏ చదువుకు దారి తీస్తుంది? పాలిటెక్నిక్ ప్రవేశ పరీక్ష ఏమిటి? కడప జిల్లా ఇడుపులపాయలో 2008లో ప్రారంభమైన ట్రిపుల్ ఐటీలో పదో తరగతి మార్కుల ఆధారంగా ఆరేళ్ల సమీకృత కోర్సులో చేరవచ్చని ఎన్ని ఇళ్లలో తెలుసు? ఆధార్, ఆదాయ, కుల ధ్రువపత్రాలు సిద్ధంగా లేక అవకాశం చేజారకూడదు. ప్రతి విద్యార్థీ తన దరఖాస్తుకు కావలసిన పత్రాల జాబితాను ఇక్కడే రాసుకోవాలి.

సాయంత్రం: ఆట, ఆకాశం

అస్ర్ తర్వాత ఆటలు. మగ్రిబ్ తర్వాత ఆ రోజు నేర్చుకున్నది ఒక్కొక్కరు నిలబడి చెప్పాలి. వినేవారు ప్రశ్నించాలి. తడబడినా నవ్వకూడదన్నది నియమం.

ఇషా తర్వాత కొద్దిసేపు ఆకాశ దర్శనం. సీమలో మేఘాలు లేని వేసవి రాత్రి ఉత్తరాన సప్తర్షి మండలం స్పష్టంగా కనిపిస్తుంది. అందులో వశిష్ఠ నక్షత్రాన్ని ఖగోళ శాస్త్రం మిజార్ అంటుంది. అది అరబీ మాట. దాని పక్కన మినుకుమనే అరుంధతిని అరబ్బులు సుహా అన్నారు. దాన్ని చూడగలగడం వారికి కంటిచూపు పరీక్ష. పదో శతాబ్దంలోనే అబ్దుర్రహ్మాన్ అస్సూఫీ నక్షత్రాలపై గ్రంథం రచించారు. మన ఊరి పెళ్లిలో చూపించే చుక్కకూ, ఆ విద్వాంసులు పరిశీలించిన చుక్కకూ తేడా లేదని తెలిసిన పిల్లవాడికి విజ్ఞానం పరాయిదిగా తోచదు.

అమ్మాయిల మాటేమిటి?

అబ్బాయిలకు శిబిరం, అమ్మాయిలకు వంటిల్లు అనే విభజన ధర్మసమ్మతం కాదు. మీ దగ్గర నేర్చుకునే అవకాశమంతా పురుషులకే దక్కుతోందని స్త్రీలు విన్నవించగా, దైవప్రవక్త (స) వారి కోసం ప్రత్యేకంగా ఒక రోజు కేటాయించి బోధించారు. వారి కోరికను ఆయన ధిక్కారంగా భావించలేదు. అధ్యాపికల పర్యవేక్షణలో, భద్రమైన వసతితో బాలికలకు విడిగా శిబిరం నడపడం మస్జిదు కమిటీలకు అసాధ్యమేమీ కాదు. రాత్రి బస కుదరకపోతే పగటి శిబిరమైనా నడపాలి.

శిబిరం నుంచి తిరిగి వచ్చిన బిడ్డను 'ఏ బహుమతి వచ్చింది?' అని కాదు, 'ఏ కళాశాలకు దరఖాస్తు చేద్దాం?' అని అడగండి. ఫజ్ర్‌కు లేచే అలవాటును ఇంట్లో పెద్దలూ పాటించండి. తల్లిదండ్రులు నిద్రపోయే ఇంట్లో ఆ అలవాటు వారం నిలవదు. చదువమన్న ఆదేశంతో దైవవాణి అవతరణ ప్రారంభమైన సముదాయం మనది. మన ఇంట ఏ బిడ్డ చదువూ ఒక వేసవి ఎండకు వాడిపోకుండా కాపాడే భాగ్యాన్ని అల్లాహ్ మనకు ప్రసాదించుగాక. ఆమీన్.