మూడు లిపుల ముంగిట మన బిడ్డలు



దుబాయి పట్టణమున షార్జా పొలిమేర చెంత అల్ కుసైస్ అను పేట యున్నది. మనవలెనే పొట్టకూటికై ఊరు విడిచిన తెలుగువారు అనేకులు అచ్చట నివసించుచున్నారు. భారతదేశపు పాఠ్యక్రమము ననుసరించు బడులును ఆ పేటలో గలవు.

అచ్చటి తెలుగు బిడ్డ ఇంటిలో తెలుగు వినును. బడిలో ఇంగ్లీషు చదువును. ఆ దేశపు కట్టడనుబట్టి అరబ్బీయు నేర్వవలెను. ఇంగ్లీషు అక్షరములు 26. ఎడమనుండి కుడికి సాగును. అరబ్బీ అక్షరములు 28; కుడినుండి ఎడమకు సాగును. అందు పెక్కు అక్షరములు మాట మొదట నొక రూపమును, నడుమ నొక రూపమును, తుద నొక రూపమును దాల్చును. తెలుగున గుణింతములును వత్తులును ఉండనే యున్నవి. ఆరేండ్ల పసివానికి ఇది చిన్న బరువా?

ఈ బరువునకు జడిసి కొందరు తల్లిదండ్రులు ఇంట తెలుగును మానిపింతురు. అప్పుడేమగును? ఊరిలోని అవ్వ టెలిఫోనులో పలుకరించినపుడు మనుమడు బదులు చెప్పలేక ఊరకుండును. తనకు నిండుగా వచ్చిన మాట ఒక్కటియు లేనివాడు కొత్త మాటను దేనితో సరిపోల్చుకొనును? బిడ్డకు మొదటి చదువు తల్లిభాషలో చెప్పుటయే మేలని యునెస్కో సంస్థ నియమించిన నిపుణులు 1953లో తెలిపిరి. అంతకు ఎంతో ముందే గిడుగు రామమూర్తి పంతులుగారు సవరల భాషను నేర్చి, వారి బిడ్డలకు ఆ భాషయందే పాఠములు వ్రాసి, బడులు పెట్టించిరి.

“నాకు అక్షరమే రాదు, నేనేమి నేర్పుదును?” అని తోటపనికి పోవు తల్లి యడుగవచ్చును. అమ్మా, పలుకు నేర్పునది నీవే. చదువునకు పలుకే పునాది. సాయంకాలము బిడ్డను చెంత కూర్చుండబెట్టుకొని, ఆ దినమున బడిలో జరిగినది మొదటినుండి తుదివరకు చెప్పుమనుము. ఒక కథ చెప్పి, మరునాడు దానిని వానినోట వినుము. “కల” అను మాటలో ఎన్ని ధ్వనులున్నవో చప్పట్లు కొట్టి లెక్కింపుమనుము. తరువాత పలక మీద ఆ రెండక్షరములే వ్రాయనిమ్ము. ఒకనాడు రెండు మాటలైనను చాలును. నాగా మాత్రము పెట్టవలదు. తప్పు వ్రాసినచో కొట్టవలదు, నవ్వవలదు. పెద్దవానిచేత సరియైన రూపమును ప్రక్కన వ్రాయించుము. వాడు పుస్తకము తీసి చదువునపుడు నీవు చేయవలసిన పని వినుటయే.

వినువారున్న ఇంట బిడ్డ చదువును. అల్ కుసైస్ మేడలోనైనను, మన తోట లైనులోనైనను ఇది యొక్కటే.