విమానాలు చూసేవాళ్ళు అనుమానితులా?

తమ్ముళ్ళూ, మన హాస్టల్ మేడ మీద నీళ్ళ ట్యాంకు పక్కన సాయంత్రం పూట కూర్చున్న ప్రతివాడికీ ఆ ఆట తెలుసు. పైన విమానం పోతుంటే తోక రంగు చూసి కంపెనీ పేరు చెప్పాలి. ఓడినవాడు మెస్సులో పక్కవాడి పళ్ళెం కడగాలి. 2008 మార్చికి ముందు ఇక్కడ ఉన్న అన్నలు మాకంటే అదృష్టవంతులు. అప్పుడు విమానాలన్నీ బేగంపేటలోనే దిగేవి. అక్కడి రన్‌వే తూర్పు పడమరలుగా ఉంటుంది కాబట్టి, తూర్పు నుంచి దిగే విమానం మౌలాలి, మల్కాజిగిరి వైపు నుంచి తక్కువ ఎత్తులో వచ్చేది. నాచారంలో మేడ ఎక్కి ఉత్తరానికి తిరిగితే చక్రాలు కూడా కనిపించేవట. అన్నలు ఒక లాంగ్ నోట్‌బుక్‌లో రోజూ రాసి పెట్టారు. ఇండియన్ ఎయిర్‌లైన్స్, జెట్ ఎయిర్‌వేస్, ఎయిర్ డెక్కన్. ఈ మూడు పేర్లూ ఇప్పుడు ఆకాశంలో లేవు. నోట్‌బుక్ మాత్రం చేతులు మారుతూ మా దాకా వచ్చింది.

ఆ నోట్‌బుక్ వల్లే మేము ముగ్గురం ఒక ఆదివారం రెండు గంటలు ఒక గదిలో కూర్చోవలసి వచ్చింది. ఎక్కడ, ఎవరు అనేది ఇక్కడ అనవసరం. విమానాలు దగ్గరగా కనిపిస్తాయని ఒక ప్రహరీ గోడకు ఇవతల, పబ్లిక్ రోడ్డు మీద నిలబడి నంబర్లు రాసుకుంటున్నాం. మా దగ్గర కెమెరా లేదు, పెన్నూ పుస్తకమూ ఉన్నాయి. మొదట పేర్లు అడిగారు, తర్వాత ఊర్లు, తర్వాత ఏ హాస్టల్ అని. హాస్టల్ పేరు చెప్పగానే అడిగే తీరు మారింది. "పి.జి. చదువుతున్నాం సార్" అంటే నమ్మలేదు. మా ఇళ్ళల్లో డిగ్రీ దాకా వచ్చిన మొదటివాళ్ళం మేమే. ఐ.డి. కార్డు చూపించడం మాకు అలవాటే కానీ, అది నిజమైనదేనా అని తిప్పి తిప్పి చూడటం ఆ రోజే చూశాం. చివరికి వార్డెన్ సార్ ఫోన్‌లో మాట్లాడితే వదిలారు. నోట్‌బుక్‌లో నాలుగు పేజీలు చింపుకున్నారు.

అసలు సంగతి వేరే ఉంది. ఆ గోడ పక్కనే ఎవరో చికెన్ షాపుల వ్యర్థాలు బస్తాలతో పారేసి పోయారు. పైన ఇరవై దాకా గద్దలు తిరుగుతున్నాయి. విమానాలు దిగే దారిలో గద్దలు తిరగడం ఎంత ప్రమాదమో ఎవరికైనా తెలుసు. 2009 జనవరిలో న్యూయార్క్‌లో పక్షుల గుంపు తగిలి రెండు ఇంజన్లూ పోవడంతో ఒక విమానం హడ్సన్ నదిలో దిగవలసి వచ్చింది. మన దేశంలో కూడా 1937 నాటి విమాన నియమాల్లో 91వ నియమం విమానాశ్రయానికి 10 కిలోమీటర్ల లోపల జంతువులను కోయడాన్నీ, చెత్త పారేయడాన్నీ నిషేధించింది. ఆ బస్తాల సంగతి చెబుదామని మేము రెండుసార్లు నోరు తెరిచాం. "అడిగినదానికే చెప్పు" అన్నారు. చెప్పకుండానే వచ్చేశాం.

హాస్టల్‌కు వచ్చాక ఈ విషయం మీద దొరికినవన్నీ చదివాం. మనం మేడ మీద ఆడేది ప్రపంచమంతా ఉన్న అలవాటని అప్పుడే తెలిసింది. దాన్ని ప్లేన్ స్పాటింగ్ అంటారు. ప్రతి విమానానికీ బండి నంబరులాగే ఒక రిజిస్ట్రేషన్ ఉంటుంది. మన దేశానివి వి.టి. అనే అక్షరాలతో మొదలవుతాయి. అది బ్రిటిష్ వాళ్ళ కాలం నాటి గుర్తు, 'వైస్రాయ్ టెరిటరీ' అని జనం విడమరిచి చెబుతుంటారు. అమెరికావి ఎన్ తోనూ, బ్రిటన్‌వి జి తోనూ మొదలవుతాయి. స్పాటర్లు ఈ నంబరు, రకం, సమయం ఏళ్ళ తరబడి రాసుకుంటారు. రైలు ఇంజన్ల నంబర్లు రాసుకునేవాళ్ళు కూడా ఉన్నారు. మౌలాలి పక్కనే పెరిగినవాళ్ళకు అది వింతేమీ కాదు.

ఈ అలవాటు యుద్ధకాలంలో దేశరక్షణకు పనికొచ్చింది. రెండవ ప్రపంచ యుద్ధంలో బ్రిటన్‌లో మామూలు పౌరులే అబ్జర్వర్ కోర్‌లో చేరి, పైన పోయే విమానం మనదా శత్రువుదా అని చూసి ఫోన్ చేసేవారు. ఆ పనికి మెచ్చి 1941లో దానికి 'రాయల్' అనే బిరుదు ఇచ్చారు. అదే ఏడాది విమానాలను గుర్తుపట్టడం నేర్పే పత్రిక ఒకటి అక్కడ మొదలైంది. మన తీరానికీ ఆ అవసరం వచ్చింది. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖపట్నం, కాకినాడల మీద బాంబులు వేశాయి. పైన వచ్చేది ఎవరిదో ముందుగా గుర్తుపట్టే కన్ను ఎంత విలువైనదో ఆ రోజు తీరంలో ఉన్నవాళ్ళను అడగాలి.

ఇప్పుడు రాడార్లు, కెమెరాలు ఉన్నాయి కదా, మనుషులెందుకు అని మాకూ అనిపించింది. కానీ కెమెరాకు ఏది మామూలో తెలియదు. రోజూ ఒకే చోట నిలబడే మనిషికి తెలుస్తుంది. కంచె పక్కన నిన్న లేని వ్యాన్, కంచెకు పడ్డ కన్నం, చక్రం దగ్గర పొగ, రన్‌వే మీద పడ్డ ముక్క, ఇవన్నీ అతని కంట పడతాయి. 2000 జూలైలో పారిస్‌లో కంకార్డ్ విమానం కూలి 113 మంది చనిపోవడానికి మొదలు, అంతకు ముందు వెళ్ళిన విమానం నుంచి రన్‌వే మీద ఊడిపడ్డ ఒక లోహపు పట్టీ. రైలు పట్టాల వెంట నడిచే గ్యాంగ్‌మన్ కన్ను లాంటిదే ఇదీ.

అందుకే కొన్ని దేశాల పోలీసులు ఈ స్పాటర్లను తరిమేయకుండా తమతో కలుపుకున్నారు. కెనడా రాజధాని ఒట్టావాలో, అమెరికాలో చికాగో ఓహేర్ వంటి చోట్ల 'ఎయిర్‌పోర్ట్ వాచ్' పేరుతో స్వచ్ఛంద బృందాలు పనిచేశాయి. చేరేవాళ్ళ పూర్వాపరాలు విచారించి, ఫొటోతో కార్డు ఇస్తారు. అనుమానం వస్తే ఏ నంబరుకు ఫోన్ చేయాలో చెబుతారు. తామే వెళ్ళి ఎవరినీ నిలదీయకూడదు, చూసి చెప్పడం వరకే. మాకు ఇందులో బాగా నచ్చింది కార్డు సంగతి. మొదటిసారి ఎవరని అడిగి రాసుకుంటే, రెండోసారి అడగనవసరం లేదు. మిగిలిన సమయం నిజమైన అనుమానితుణ్ణి వెతకడానికి మిగులుతుంది.

అన్ని చోట్లా ఇలా లేదు. 2001 నవంబరులో గ్రీసులోని కలమాతా వైమానిక స్థావరంలో విమానాల ప్రదర్శనకు వెళ్ళిన 12 మంది బ్రిటిష్, ఇద్దరు డచ్ స్పాటర్లను గూఢచారులని పట్టుకున్నారు. నెలకు పైగా జైల్లో ఉన్నారు. 2002 ఏప్రిల్‌లో శిక్షలు కూడా పడ్డాయి, నవంబరులో అప్పీలులో కొట్టేశారు. నంబర్లు రాసుకోవడం ఒక సరదా అంటే అక్కడి వాళ్ళకు నమ్మకం కుదరలేదు. మన ఢిల్లీలోనూ 2010 ఫిబ్రవరిలో ఇద్దరు బ్రిటిష్ స్పాటర్లు అరెస్టయ్యారు. విమానాశ్రయం దగ్గరి హోటల్‌లో దిగి, రేడియో సంభాషణలు వినే పరికరం దగ్గర పెట్టుకున్నారు. చివరికి జరిమానా కట్టి ఇంటికి పోయారు. లైసెన్సు లేకుండా అలాంటి పరికరం ఉంచుకోవడం మన చట్టం ప్రకారం నేరమే. అందులో పోలీసుల తప్పు మాకు కనిపించలేదు.

ప్రభుత్వాలకు ఇంకో భయం కూడా ఉంది, అది నిజాయితీగా చెప్పుకోవాలి. స్పాటర్ల నోట్‌బుక్ ప్రభుత్వం దాచాలనుకున్నదాన్ని కూడా పట్టిస్తుంది. అమెరికా గూఢచార సంస్థ మనుషులను రహస్యంగా దేశదేశాలు తిప్పిన విమానాల జాడ 2000ల మధ్యలో బయటపడటానికి, ఐరోపా స్పాటర్లు తీసిన ఫొటోలు, రాసుకున్న నంబర్లు విలేకరులకు సాయపడ్డాయి.

వీటన్నిటికంటే మమ్మల్ని కదిలించింది అహ్మదాబాద్ సంగతి. 2025 జూన్ 12న అక్కడ ఎయిర్ ఇండియా విమానం లేచిన కొద్ది క్షణాలకే కూలి 260 మంది చనిపోయారు. అది కూలడం ప్రపంచం చూసింది 17 ఏళ్ళ కుర్రాడి ఫోన్ నుంచి. పల్లెటూరి పిల్లవాడు, నగరంలో ఉన్న తండ్రి దగ్గరికి వచ్చి, విమానాలంటే ఇష్టంతో మేడ ఎక్కి వీడియో తీశాడు. నిపుణులు దాన్ని ఒక్కొక్క క్షణం ఆపి ఆపి పరిశీలించారు. మూడు రోజుల్లోనే ఆ కుర్రాణ్ణి అరెస్టు చేశారని పుకారు లేచింది. పోలీసులే ముందుకొచ్చి, అరెస్టు చేయలేదు, సాక్షిగా వాంగ్మూలం తీసుకున్నాం అని చెప్పవలసి వచ్చింది. ఆ పుకారును అంతమంది అంత తేలిగ్గా ఎందుకు నమ్మారో మాకు వేరే ఎవరూ చెప్పనక్కర లేదు.

మన దగ్గర ఏర్పాటు ఇలా ఉంటుంది. 1999 డిసెంబరులో ఖాట్మండు నుంచి వస్తున్న విమానం హైజాక్ అయ్యాక, విమానాశ్రయాల లోపలి భద్రత సి.ఐ.ఎస్.ఎఫ్.కు అప్పగించడం మొదలైంది. 2000 ఫిబ్రవరిలో జైపూర్ మొదటిది. శంషాబాద్‌లోనూ లోపల వాళ్ళే. గోడ బయట ఊళ్ళు, రోడ్లు, చెరువు గట్లు రాష్ట్ర పోలీసుల పరిధి. గాలిపటాలు, లేజర్ లైట్లు, డ్రోన్లు, చెత్త కుప్పలు అన్నీ ఈ బయటి వైపు నుంచే వస్తాయి. అక్కడ తిరిగేది గొర్రెలు కాసేవాళ్ళు, టీ కొట్టువాళ్ళు, మాలాంటి పనిలేని విద్యార్థులు. కాబట్టి ఒట్టావా పద్ధతి ఇక్కడ పెడితే కార్డు మొదట ఇవ్వవలసింది ఖరీదైన కెమెరాలున్న వాళ్ళకు కాదు, వీళ్ళకు అని మా అభిప్రాయం.

ఈ మాటే రాసి, మా పేర్లు, హాస్టల్ చిరునామా, వార్డెన్ సార్ సంతకంతో ఒక అర్జీ పోస్టు చేశాం. ఆ చెత్త బస్తాల సంగతి కూడా అందులో రాశాం. జవాబు ఇంకా రాలేదు.

నోట్‌బుక్ లైబ్రరీ బీరువాలో ఉంది, కావలసిన తమ్ముళ్ళు తీసుకోవచ్చు. మేడ మీద నుంచి చూసి రాయడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. కానీ హకీంపేట వైమానిక దళం విమానాలు రాయకండి, బేగంపేట గోడ దగ్గర ఫోన్ పైకెత్తకండి. బయటికి వెళితే ఐ.డి. కార్డు, వార్డెన్ సార్ నంబరు జేబులో పెట్టుకోండి, ఒంటరిగా వెళ్ళకండి. తేడాగా ఏదైనా కనిపిస్తే 100కు గానీ 112కు గానీ ఫోన్ చేసి, చేసిన సమయం కూడా నోట్‌బుక్‌లో రాయండి. చివర్లో దానికోసం రెండు పేజీలు గీతలు గీసి ఉంచాం.