పుచ్చ తోటలో పండు ఈగ



ఎండకాలం వచ్చిందంటే వరంగల్లు కొత్తవాడలో, జంపఖానాలు నేసే మగ్గాల నడుమ కూడ, పుచ్చకాయలకు గిరాకీ ఉంటుంది. కొనేవారు కాయను తట్టి చూచి, "గాటు పెట్టి చూపించవయ్యా" అంటారు. లోపల పురుగు కనబడిందా, మిగిలిన కాయల మీద కూడ నమ్మకం పోతుంది. ఆ పురుగు అంగడిలో పుట్టింది కాదు. కాయ లేత పిందెగా ఉన్ననాడే మన తోటలో చేరింది.

ఇది పండు ఈగ పని. ఆడ ఈగ పిందెను పొడిచి తొక్క కింద గుడ్లు పెడుతుంది. పిల్ల పురుగులు లోపలి కండ తింటాయి. పిందె వంకరపోయి కుళ్లుతుంది. ఎదిగిన పురుగు మట్టిలోకి దిగి, కోశం కట్టుకొని, కొన్నాళ్లకు ఈగగా లేస్తుంది. కాయలో ఉన్న పురుగుకు పైన చల్లిన మందు అందదు. మరి దాన్ని ఎక్కడ పట్టాలి?

మొదటిది ఏరివేత. పుచ్చిన పిందెలను రోజు విడిచి రోజు ఏరి, రెండడుగుల గోతిలో పూడ్చండి. గట్టు మీద పారవేస్తే ఈగలను చేతులారా పెంచినట్లే. కాపు అయిపోగానే చేను దున్ని, మట్టిని ఎండనివ్వండి.

రెండవది ఎర. పూత మొదలైనప్పుడే ఎర బుట్టలు కట్టండి. మామిడి తోటకు వాడే మిథైల్ యూజినాల్‌కు ఈ ఈగ రాదు. దీనికి క్యూల్యూర్ ఎర కావాలి. ఈ ఎరలో పడేవి మగ ఈగలే. మీరొక్కరే కడితే పక్క చేనులో జతకట్టిన ఆడ ఈగ మీ చేనికి రాదా? కనుక ఇరుగు పొరుగు తోటలవారందరు ఒక్కసారే కట్టవలె.

ఇక ముఖ్యమైన మాట. కాయ వంకర తిరిగిందని తొందరపడి మందు కొట్టకండి. పిందె మీద పొడిచిన గుర్తు, జిగురు కారిన జాడ ఉంటే పండు ఈగ అనుకోండి. అవి లేకుంటే పుప్పొడి చాలలేదేమో చూడండి. పుచ్చలో మగపువ్వు వేరు, అడుగున బుల్లి పిందె ఉండే ఆడపువ్వు వేరు. ఒకదాని పుప్పొడి రెండవదానికి చేర్చేది తేనెటీగ. పొద్దున పూలు విచ్చిన వేళ మందు కొడితే ఆ తేనెటీగ చస్తుంది, కాపు తగ్గుతుంది. మందు తప్పనిసరి అయితే సాయంత్రమే కొట్టండి. డబ్బా మీద రాసిన గడువు దాటినాకనే కాయ కోయండి.

మరొకటి. బూడిద తెగులు వచ్చిందని గంధకం పొడి చల్లరాదు. పుచ్చ, దోస, కర్బూజ ఆకులు మాడిపోతాయి.

గాటు పెట్టిననాడు కాయ ఎర్రగా, శుభ్రంగా కనబడాలంటే పిందెనాడే కాపాడుకోవాలి. రేపు పొద్దున తోటకు పోయినప్పుడు నాలుగు పిందెలు తిప్పి చూడండి.