సాగదీసే వ్యాయామానికి ప్రశాంతతే బలం

హైదరాబాద్ పాతబస్తీలో చార్మినార్‌ను ఆనుకొని ఉన్న లాడ్ బజార్ లక్క గాజులకు పెట్టింది పేరు. 2024లో భౌగోళిక గుర్తింపు పొందిన ఈ గాజుల వెనుక, గంటల తరబడి నేలపై కూర్చొని, మెడ వంచి, సెగపై లక్కను మలిచి రాళ్లు పొదిగే కార్మికుల శ్రమ దాగి ఉంది. ఇటువంటి పనిలో మెడ, భుజాలు, నడుము బిగుసుకుపోవడం సహజం. నొప్పితో పని ఆగితే సంపాదన కూడా ఆగుతుంది. కావున కండరాలను సాగదీసే వ్యాయామం వీరికి ఎంతో అవసరం. అయితే ఫలితం దానిని చేసే విధానంపైనే ఆధారపడి ఉంటుంది.

బిగుసుకున్న కండరాన్ని ఒక్కసారిగా లాగితే, అందులోని సూక్ష్మ గ్రాహకాలు వెన్నుపాముకు హెచ్చరిక పంపుతాయి. తక్షణమే కండరం ఆత్మరక్షణగా మరింత ముడుచుకొంటుంది. ఆందోళనతో, ఊపిరి బిగబట్టి చేసినా బిగువు సడలదు. నిదానంగా సాగదీస్తూ, శ్వాసను నెమ్మదిగా వదులుతూ, మనస్సును ఆ భాగంపైనే నిలిపినప్పుడు కండరం వదులవుతుంది. తొలి వారాలలో శరీరం మునుపటికన్నా ఎక్కువగా వంగడానికి ప్రధాన కారణం కండరం పొడవు పెరగడం కాదని, ఆ సాగుదలను నాడీవ్యవస్థ సహించగలగడమేనని పరిశోధనలు సూచిస్తున్నాయి. చల్లని లక్కను వంచితే విరుగుతుందని, సెగ తగిలితేనే మాట వింటుందని ఎరిగిన గాజుల కార్మికులకు ఈ విషయం కొత్త కాదు.

చార్మినార్ చెంతనే ఉన్న ప్రభుత్వ నిజామియా వైద్యశాలలో అనుసరించే యునాని వైద్యం, ఆరోగ్యానికి ఆవశ్యకమైన ఆరు అంశాలలో శరీర చలన విశ్రాంతులతో పాటు మనస్సు చలన విశ్రాంతులను కూడా చేర్చింది. ఆసన సిద్ధికి ప్రయత్నాన్ని సడలించడం కూడా అవసరమని పతంజలి యోగసూత్రాలు చెబుతున్నాయి.

వ్యాయామానికి ముందు కొద్ది నిమిషాలు నడిచి శరీరాన్ని వేడెక్కించాలి. ఊగకుండా, కుదుపులు లేకుండా, కొద్దిపాటి లాగుడు తెలిసే వరకే వంగి 10 నుంచి 30 సెకన్లు నిలవాలి. దీనిని 2 నుంచి 4 సార్లు, వారానికి కనీసం 2 లేదా 3 రోజులు చేయాలి. ఆ సమయంలో సంభాషణలు, సెల్‌ఫోన్ పక్కన పెట్టడం మంచిది. పదునైన నొప్పి కలిగితే వెంటనే ఆపివేయాలి. తిమ్మిరి లేదా నొప్పి కొనసాగితే వైద్యుని సంప్రదించాలి.

ఇందుకు పరికరాలు గానీ, ఖర్చు గానీ అవసరం లేదు. పని నడుమ కొద్ది నిమిషాల విరామం, ఆ కొద్దిసేపు నిలకడగా ఉండే మనస్సు చాలు.